రాయిలో రాయిగా దాగే కాక్టస్: నెల్లూరు, ప్రకాశం వాతావరణంలో ఏరియోకార్పస్ పెంపకం

మన దగ్గర ఏరియోకార్పస్‌ను చంపేది రోహిణి కార్తె ఎండ కాదు, స్వాతి కార్తె వాన. నెల్లూరులోనో ఒంగోలులోనో ఈ కాక్టస్ కొన్నవారు మే నెలంతా దాన్ని కంటికి రెప్పలా కాచి, అక్టోబరు రాగానే ‘ఇక చల్లబడిందిలే’ అని నిశ్చింతగా ఉంటారు. మొక్కకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, కింద చెప్పే జాగ్రత్తల్లో సగం మీకే తోస్తాయి.

ముందు మొక్క స్వభావం

1838లో షైడ్‌వైలర్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ ప్రజాతికి ఏరియోకార్పస్ అని పేరు పెట్టాడు. దీని పుట్టిల్లు మెక్సికోలోని చివావా ఎడారి, దాని చుట్టుపక్కల కొండ ప్రాంతాలు. ఫిస్సురాటస్ అనే జాతి మాత్రం రియో గ్రాండే నది దాటి అమెరికాలోని టెక్సాస్‌లో, బిగ్ బెండ్ ప్రాంతం దాకా పాకింది.

మనకు తెలిసిన నాగజెముడుకు ముళ్లే రక్షణ. ఏరియోకార్పస్‌కు ముళ్లు ఉండవు. మొలకగా ఉన్నప్పుడు చిన్న మెత్తని ముళ్లు కనిపించి, పెరిగేకొద్దీ మాయమవుతాయి. ఆ తరువాత దాని రక్షణ అంతా దాగుడుమూతలే. ఆకుల్లా కనిపించే మందమైన బుడిపెలు ముక్కోణాకారంలో, పువ్వు రేకుల అమరికతో నేలకు అంటుకుని పరుచుకుంటాయి. రంగు బూడిద ఆకుపచ్చ, లేదా మట్టి కలిసిన గోధుమ. ఫిస్సురాటస్ బుడిపెల మీద అడ్డదిడ్డంగా గీతలు, పగుళ్లు ఉండటంతో అది ఎండకు పగిలిన సున్నపురాయిగానే కనిపిస్తుంది. రెటుసస్ నునుపుగా, మొనదేలి, గులకరాళ్ల మధ్య మరో బూడిద రంగు రాయిగా కలిసిపోతుంది. కొచుబేయానస్‌ది ఇంకో పద్ధతి. అది వాన నీరు నిలిచి ఆరిపోయే ఒండ్రు మైదానాల్లో, బుడిపెల కొసలు మాత్రమే పైకి కనిపించేలా మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. పూత లేని సమయంలో దాని మీద కాలు పెట్టినా తెలియదు. ఇంత దాగినా కనిపెట్టి కొరికిన జంతువుకు చేదు తప్పదు. హోర్డెనిన్ వంటి ఆల్కలాయిడ్లు మొక్క నిండా ఉంటాయి. కాబట్టి ఇంట్లో పిల్లలు, మేకలు ఉంటే అందనంత ఎత్తున పెట్టండి.

దాగడంలో సగం పని నేల కింద జరుగుతుంది. ముల్లంగిలా లావెక్కిన తల్లివేరు నీటిని నిల్వ చేసుకుంటుంది. కరవు కాలంలో ఆ వేరు కుదించుకుపోతూ మొక్కను లోపలికి లాగుతుంది. 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ బాటనీలో ఫిస్సురాటస్ మీద వచ్చిన పరిశోధన దీన్ని వివరంగా పరిశీలించింది. వేరు మొక్కను కిందికి లాగడం ప్రాణాంతకమైన వేడి నుంచి కాపాడుతుంది; అయితే ఆ మేలు జరిగేది రాళ్లు కలిసిన నేలలోనేనని తేల్చింది. మనలాంటి వేడి ప్రాంతంలో పెంచేవారికి ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు. కుండీలో రాయి అందానికి వేసేది కాదు, మొక్క చల్లగా ఉండటానికి వేసేది.

ఎక్కడ కొనాలి, ఏది కొనాలి

ఏరియోకార్పస్ జాతులన్నీ, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి. అడవి నుంచి పెకలించిన మొక్కలతో వ్యాపారానికి అందులో చోటు లేదు. మన దేశంలోనూ వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, సైటిస్ జాబితాలోని జాతులను చట్టం పరిధిలోకి తెచ్చింది. విదేశం నుంచి మొక్క గాని విత్తనం గాని తెప్పించాలంటే సైటిస్ పత్రాలు, మొక్కల క్వారంటైన్ అనుమతి రెండూ కావాలి. ‘కవరులో పెట్టి పంపిస్తాం, ఎవరూ చూడరు’ అనే అమ్మకందారును నమ్మకండి. బిగ్ బెండ్ ప్రాంతంలో వేలాది ఫిస్సురాటస్ మొక్కలను దొంగలు తవ్వుకుపోయింది అలాంటి కవర్ల కోసమే.

కాబట్టి దేశంలో విత్తనం నుంచి పెంచిన మొక్కనే, రసీదుతో కొనండి. నర్సరీ మొక్క చిన్నగా, సమంగా, శుభ్రంగా ఉంటుంది. అడవి మొక్క పెద్దగా ఉండి, బుడిపెల కొసలు అరిగి, మొదలు దగ్గర బెరడు కట్టి, తల్లివేరు తెగి ఉంటుంది. చాలా తక్కువ ధరకు పిడికిలంత ఏరియోకార్పస్ ఇస్తామంటే ముందు అనుమానించండి. అంత పెరగడానికి సొంత వేరు మీద పదేళ్లు దాటుతుంది.

మొదటిసారి పెంచేవారు రెటుసస్ తీసుకోవడం మంచిది. చిన్న చిన్న పొరపాట్లను అది ఓర్చుకుంటుంది. రెండోది ఫిస్సురాటస్. కొచుబేయానస్ చిన్నది, ముద్దుగా ఉంటుంది. అయితే వేరు సులువుగా కుళ్లుతుంది. అగవోయిడెస్, స్కాఫిరోస్ట్రిస్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటు కట్టిన మొక్కలూ దొరుకుతాయి. అవి రెట్టింపు వేగంతో పెరుగుతాయి, మన ఉక్కను బాగానే తట్టుకుంటాయి, త్వరగా పూస్తాయి. నాకు మాత్రం అవి నచ్చవు. నీరు పట్టి ఉబ్బి, పచ్చగా మెరుస్తూ, మూడంగుళాల కాడ మీద కూర్చున్న ఏరియోకార్పస్‌లో రాయి లక్షణం ఎక్కడుంది? విత్తనాల కోసమైతే సరే.

కుండీ, మిశ్రమం

కుండీ వెడల్పు కంటే లోతు ముఖ్యం. ఎనిమిది సెంటీమీటర్ల మొక్కకు కనీసం పదిహేను సెంటీమీటర్ల లోతు కావాలి. కావలి, మైపాడు, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మట్టి కుండీ వాడండి. కనిగిరి, ఉదయగిరి వైపు పొడి గాలికి ప్లాస్టిక్ కుండీ అయినా పరవాలేదు. అడుగున రంధ్రం చిటికెన వేలు పట్టేంత ఉండాలి.

మిశ్రమానికి కావలసినవన్నీ మన చుట్టూనే ఉన్నాయి. క్రషర్ దగ్గర దొరికే చిప్స్‌లో మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లవి జల్లెడ పట్టి నాలుగు పాళ్లు తీసుకోండి. ఇళ్లు కట్టేచోట బేబీ చిప్స్ అని అమ్మేది కొంచెం పెద్దది. అది పైన పరచడానికి పనికొస్తుంది. పాత బంగాళా పెంకులు పగలగొట్టిన ముక్కలు రెండు పాళ్లు. పెన్న ముతక ఇసుక ఒక పాలు. ఎర్రమట్టి, బాగా మాగిన ఆకు ఎరువు సమంగా కలిపింది ఒక పాలు. నీళ్లు తేటగా వచ్చేవరకు కడగవలసింది చిప్స్‌నూ ఇసుకనూ మాత్రమే. క్రషర్ డస్ట్ కొంచెం మిగిలినా కుండీ అడుగున సిమెంటులా గట్టిపడి రంధ్రాన్ని మూసేస్తుంది. మొక్క సున్నపురాతి నేలల నుంచి వచ్చింది కాబట్టి గుప్పెడు నాపరాయి ముక్కలు కలిపితే మంచిదే, లేకపోయినా లోటు లేదు. సముద్రతీరం నుంచి ఏరిన గుల్లలు కలపదలిస్తే ఉప్పు పోయేదాకా రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి.

వేయకూడనివి: నల్లరేగడి, కొబ్బరి పొట్టు, పశువుల పేడ ఎరువు. గూడూరు అభ్రకపు గనుల ప్రాంతంలో వెర్మిక్యులైట్ అనే పొరల ఖనిజం కూడా దొరుకుతుంది కదా, వేద్దామా అని చాలామంది అడుగుతారు. మొలకల పెట్టెకు సరే, పెద్ద మొక్క కుండీకి వద్దు. అది నీటిని పట్టి ఉంచుతుంది. మనకు కావలసింది నీటిని వదిలేసే మట్టి. కుండీ నింపాక గ్లాసుడు నీళ్లు పోసి చూడండి. కొన్ని క్షణాల్లో అడుగునుంచి కారిపోవాలి. పైన మడుగు కట్టి నెమ్మదిగా ఇంకుతుంటే మట్టి పాలు తగ్గించండి.

నాటడం

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మొక్క స్వభావం నేలలోకి దిగి ఉండటం, దాని అందమూ అదే. కాని మన గాలిలోని తేమకు మట్టి మెడకు తగిలి ఉంటే ఆ చోటే కుళ్లు పుడుతుంది. రెండింటినీ సర్దే మార్గం రాళ్ల పట్టీ.

తల్లివేరును నిటారుగా పట్టుకుని చుట్టూ పొడి మిశ్రమం పోస్తూ, వేరు భుజాల వరకే నింపండి. ఆకుపచ్చ మొదలయ్యే మెడ నుంచి బుడిపెల కింది వరుస దాకా మట్టి వద్దు. అక్కడ రెండు మూడు సెంటీమీటర్ల మందాన కడిగిన రాళ్లు మాత్రమే పేర్చండి. బయటి నుంచి చూస్తే మొక్క నేలలో కూరుకుపోయినట్టే ఉంటుంది. లోపల మెడ చుట్టూ గాలి ఆడుతుంది. నాటాక రెండు వారాలు చుక్క నీరు పోయకండి. వేరుకు తగిలిన గాయాలు అప్పటికి ఆరతాయి.

పైన పరిచే రాయి విషయంలో కొంచెం మనసు పెట్టండి, పెంపకంలో సరదా అంతా ఇక్కడే ఉంది. ఫిస్సురాటస్ చుట్టూ పగిలిన లేత గోధుమ రంగు నాపరాయి పెడితే అతిథులు ఖాళీ కుండీ అనుకుంటారు. రెటుసస్‌కు బూడిద రంగు చిప్స్ నప్పుతాయి. మార్కాపురం పలకల గనుల దగ్గర పారేసే పలక ముక్కలు పలుచగా, పొరలు పొరలుగా ఉంటాయి. వాటిని ఏటవాలుగా గుచ్చి మధ్యలో మొక్కను పెడితే కొండవాలులా కనిపిస్తుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్కలు చూడటానికి గొప్పగా ఉన్నా మేలో పెనంలా కాలుతాయి. వాటిని వాడితే మార్చి నుంచి తీసేసి సైదాపురం వైపు దొరికే తెల్ల పలుగురాళ్లు పరచండి.

చోటు, వెలుతురు

తూర్పు ముఖంగా ఉదయం ఎండ నాలుగైదు గంటలు పడే చోటు, పైన వాన ఆగే పారదర్శకమైన కప్పు. ఇంతకుమించి అక్కర్లేదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను నేరుగా ఎండలో పెడితే మాడి తెల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ మొక్క ఉన్నన్నాళ్లూ ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయండి.

మేడ మీద పెంచేవారు ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా యాభై శాతం నీడనిచ్చే వల కట్టండి. అంతకంటే ముఖ్యంగా కుండీని శ్లాబు మీద నేరుగా పెట్టకండి. మధ్యాహ్నం శ్లాబు వేడి కింది నుంచి వేరును ఉడికిస్తుంది. ఇటుకల మీద పెద్ద కుండీ, అందులో ఇసుక, ఆ ఇసుకలో మొక్క కుండీ: ఈ ఏర్పాటు ఖర్చు లేనిది, ఫలితం మాత్రం గట్టిది. గాలి ఆడని మూల, ఏసీ బయటి యంత్రం పక్కన, రెండూ పనికిరావు.

నీళ్లు: కార్తెల లెక్క

మెక్సికోలో దీని ఊళ్లకు ఏడాదికి పడే వాన తక్కువ, అదీ ఎక్కువగా వేసవిలో. శీతకాలం పొడిగా ఉంటుంది. నెల్లూరులో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్లు పడుతుంది. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. అంటే మొక్క నోరు కట్టుకుని నిద్రకు సిద్ధమయ్యే వేళకు మన ఆకాశం కుమ్మరిస్తుంది. కుండీలోని కాలం మెక్సికోది, బయటి కాలం మనది. ఈ రెండింటి మధ్య కప్పు వేయడమే మీ పని.

ఫిబ్రవరి చివర మొక్క మేలుకుంటుంది. మొదటిసారి తక్కువ నీళ్లు పోసి, వారం ఆగి, తరువాత బాగా తడపండి. ఏప్రిల్ చివరి దాకా మిశ్రమం అడుగు వరకు ఆరాకే మళ్లీ పోయాలి. సుమారు పది పన్నెండు రోజులకోసారి అవుతుంది. వెదురు పుల్ల గుచ్చి తీసి చూస్తే తడి తెలుస్తుంది.

మే నెల, ముఖ్యంగా రోహిణి కార్తె, విచిత్రమైన కాలం. ఎండలు చూసి నీళ్లు పెంచాలనిపిస్తుంది. కాక్టస్‌లు రాత్రి చల్లబడ్డాకే రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. రాత్రి కూడా ముప్పై డిగ్రీల దగ్గర ఉంటే ఆ పని సరిగా సాగదు, మొక్క పెరుగుదల ఆపి కూర్చుంటుంది. తాగని మొక్కకు పోసిన నీరు వేడి మట్టిలో నిలిచి వేరును కుళ్లబెడుతుంది. రెండు మూడు వారాలకోసారి, సాయంత్రం పొద్దుపోయాక, కుండీ అంచున కొద్దిగా పోస్తే చాలు. ఈ కాలంలో మొక్క చదునై కొంచెం లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. వేరు తన పని తాను చేస్తోంది.

మృగశిర దాటి నైరుతి గాలులు వచ్చాక జూలై నుంచి సెప్టెంబరు దాకా అసలు పెరుగుదల. మన రెండు జిల్లాల్లో నైరుతి వానలు పెద్దగా పడవు కాబట్టి నీళ్లు మన చేతుల్లోనే ఉంటాయి. ఈ మూడు నెలలు ఆరినప్పుడల్లా నిండుగా పోయండి. నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న ఎరువును పావు మోతాదులో జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఇవ్వండి. యూరియా వద్దు, బుడిపెలు ఉబ్బి పగులుతాయి.

హస్త కార్తెలో చివరి నీళ్లు. చిత్త కార్తె ముగిసేలోపు మొక్క కప్పు కిందికి చేరి, మట్టి పూర్తిగా ఆరి ఉండాలి. ఆ తరువాత ఫిబ్రవరి దాకా నీళ్లు లేవు. మొగ్గలు కనిపిస్తే మాత్రం, ఎండ ఉన్న రోజు చూసి ఒక్కసారి కొద్దిగా పోయవచ్చు.

నీటి రకం గురించి కూడా ఒక మాట. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తీరం వెంట ఉప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి అదే కుండీలో ఉండే మొక్కకు ఆ లవణాలు పేరుకుపోతాయి, రాళ్ల మీద తెల్లపొర కడుతుంది. డిసెంబరు వాన నీటిని మేడ మీది గొట్టం నుంచి డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోండి. పది కుండీలకు ఏడాదంతా సరిపోతుంది.

వాయుగుండం వచ్చినప్పుడు

2015 నవంబరు వానలు, 2021 నవంబరు పెన్న వరద, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను చూసినవారికి కప్పు ఒక్కటే చాలదని తెలుసు. జల్లు అడ్డంగా కొడుతుంది. హెచ్చరిక రాగానే కుండీలను ఇంట్లోకి తెచ్చి, గోడకు దూరంగా, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టండి. వారం పది రోజులు వెలుతురు తగ్గినా పొడి మొక్కకు ఏమీ కాదు. తడిసిపోతే మాత్రం పైరాళ్లు తీసేసి, కుండీని పక్కకు వాల్చి, ఫ్యాను కింద ఆరబెట్టండి. మరుసటి రోజుకూ తడి తగ్గకపోతే మొక్కను ఊడదీసి, వేరు దులిపి, కాగితం మీద నీడలో పడుకోబెట్టండి. ఏరియోకార్పస్ మట్టి లేకుండా నెల రోజులు హాయిగా ఉంటుంది. తడి మట్టిలో వారం ఉండలేదు.

తెగుళ్లు

కుళ్లు మొదట పైకి కనిపించదు. బుడిపెను తాకితే మెత్తగా ఉండటం, మొక్క కొంచెం కదలడం గుర్తులు. వెంటనే తీసి, కుళ్లిన భాగాన్ని శుభ్రమైన బ్లేడుతో తెల్లని కండ కనిపించేదాకా కోయండి. ప్రతి కోతకూ బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి. కోత మీద గంధకపు పొడి చల్లి మూడు వారాలు ఆరనివ్వండి. తల్లివేరులో సగం పోయినా మొక్క కోలుకునే అవకాశం ఉంది.

పిండినల్లి నడినెత్తిన ఉండే తెల్లటి ఉన్నిలో దాక్కుంటుంది. ఉన్నీ తెలుపే, పురుగూ తెలుపే. దాగుడుమూతల్లో మొక్కను మించినది. సన్నని కుంచెను స్పిరిట్‌లో ముంచి సాయంత్రం వేళ అద్దండి. వేపనూనె ఆ ఉన్ని మీద జిడ్డుగా పేరుకుని ఎండకు మాడ్చుతుంది కాబట్టి ఇక్కడ అది వద్దు. వేరు పిండినల్లి కోసం రెండేళ్లకోసారి మొక్కను తీసి చూడండి. ఉడతలు, ఎలుకలు ఎండాకాలంలో నీటి కోసం కొరుకుతాయి. కోళ్ల గంప లాంటి ఇనుప వల బోర్లిస్తే సరిపోతుంది.

పూత, విత్తనం, మొలక

అక్టోబరు, నవంబరుల్లో నడినెత్తి ఉన్నిలోంచి పువ్వు వస్తుంది. ఏడాదంతా దాగిన మొక్క ఈ కొద్ది రోజులే తనను తాను బయటపెట్టుకుంటుంది, అదీ తేనెటీగల కోసం. ఫిస్సురాటస్, కొచుబేయానస్‌లకు ముదురు గులాబీ రంగు, రెటుసస్‌కు సాధారణంగా తెలుపు. వాన రోజుల్లో పువ్వు సరిగా విచ్చుకోదు కాబట్టి వెలుతురు ఎక్కువ పడే కిటికీ దగ్గరకు మార్చండి. ఉన్నిలోకి తడి దిగనివ్వకండి.

ఒకే మొక్క తన పుప్పొడితో సాధారణంగా కాయ కట్టదు. ఒకే జాతివి, వేరు వేరు విత్తనాల నుంచి వచ్చినవి రెండు ఒకేసారి పూసినప్పుడు మెత్తని కుంచెతో పుప్పొడి అటూ ఇటూ అద్దండి. కాయ ఉన్నిలోపలే ఉండిపోతుంది, నెలల తరువాత ఎండి పైకి వస్తుంది. చిమటాతో తీసి నల్లని గింజలు రాల్చుకోండి.

విత్తడానికి ఫిబ్రవరి మంచిది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సన్న చిప్స్, వెర్మిక్యులైట్ సమంగా కలిపి, ఆవిరి మీద అరగంట ఉడికించి చల్లార్చండి. మరిగించి చల్లార్చిన నీటితో తడిపి, గింజలు పైన చల్లి, మట్టి కప్పకుండా మూత బిగించండి. నేరుగా ఎండ పడని వెలుతురులో, 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచితే వారం నుంచి రెండు వారాల్లో మొలకెత్తుతాయి. మేలో డబ్బా లోపల 35 డిగ్రీలు దాటకుండా ఇంట్లో నేల మీద పెట్టి, పైన ఎల్‌ఈడీ దీపం వేలాడదీయండి. బూజు కనిపించిన మొలకను చుట్టూ ఉన్న రాళ్లతో సహా తీసేయండి.

మూత తీయడానికి నవంబరును ఎంచుకోండి. పెద్ద మొక్కకు గండమైన ఆ తేమ గాలే మొలకకు మేలు చేస్తుంది. డబ్బాలోని ఆవిరికీ బయటి గాలికీ తేడా తక్కువగా ఉండటంతో మొలకలు వడలకుండా అలవాటు పడతాయి. మొదటి వారం మూతను గోరంత ఎత్తి, నెల గడిచేసరికి పూర్తిగా తీయండి. ఈ మొలకలకు మొదటి శీతకాలం పూర్తి నిద్ర ఉండదు. రెండు వారాలకోసారి కింది నుంచి కొద్దిగా తడి అందించాలి. రెండో ఏడాది జూలైలో, తల్లివేరు లావెక్కాక, ఒక్కొక్కదాన్ని లోతైన చిన్న కుండీకి మార్చి, పెద్ద మొక్కకు పైన చెప్పిన మిశ్రమంలోకి దించండి. పేరు, విత్తిన తేదీ రాసిన చీటీని కుండీలో గుచ్చడం మరవకండి. రెటుసస్, ఫిస్సురాటస్ పిల్లలను ఈ వయసులో విడదీసి గుర్తుపట్టడం కష్టం.